దుముజితో పాటు వచ్చినవాడు

బతికున్నవాడు ఇంటికి రాకూడని రోజు మా ఊళ్ళో ఏడాదికి ఒకటి ఉంది. రెండేళ్ళుగా అజాపజా లేకుండా పోయిన గొర్రెల కాపరి పుజూరు సరిగ్గా ఆ రోజే, నడినెత్తిన ఎండ మాడుతుండగా వచ్చి తన ఇంటి గడప ముందు నిలబడ్డాడు. అతని సంగతి తర్వాత. ఇది తలుపు తీసిన అతని పెళ్ళాం నరామ్తు కథ. ఆమె ఆ రోజు చేసిన పని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఆమె స్థానంలో నేనున్నా అదే చేసేదాన్నని తెలిసి మరీ గగుర్పొడుస్తుంది.

నరామ్తుది ఏడ్చే వృత్తి. ఎండాకాలం ముదిరి, బీడులో గడ్డి మాడిపోయి, గొర్రెల పొదుగులు ఎండిపోయే నెలలో కాపరుల దేవుడు దుముజి చనిపోతాడు. కింది లోకపు బంట్లు వచ్చి, దొడ్డిలో దాక్కున్నవాణ్ణి ఈడ్చుకుపోతారు. పట్టిచ్చింది కట్టుకున్న పెళ్ళామే, ఇనన్న దేవత. తాను కింది లోకంలో చచ్చి పడి ఉండి మళ్ళీ బతికి వచ్చేసరికి మొగుడు ఒక్క చుక్క కన్నీరు కార్చకుండా మంచి శాలువా కప్పుకుని దర్జాగా కూర్చున్నాడని ఆమె కోపం. మేం ఆడవాళ్ళం ఆ మొగుడి కోసం జుట్టు విరబోసుకుని ఏడుస్తాం, ఆ పెళ్ళానికీ దీపం పెడతాం. మొగుడూ పెళ్ళాల తగువు, దేవుళ్ళదైనా సరే, బయటివాళ్ళకి అంతుపట్టదు.

ఆ నెలలో గుడి తరఫున ముందు నిలబడి ఏడుపు ఎత్తుకునేది నరామ్తు. మిగతా నెలల్లో ఎవరింట్లో చావు జరిగినా కబురు ఆమెకే వచ్చేది. ఆమె గొంతు విప్పితే కాలువ అవతల తోటల్లో ఖర్జూరాలు కోసేవాళ్ళు కూడా దిగి వచ్చి కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఆ విద్య తల్లి నేర్పింది. "ఏడుపు ఊరికే రాదే అమ్మీ. లోపల ఒకదాన్ని పెట్టుకో. ఎప్పుడు కావాలంటే అప్పుడు దాన్ని తలుచుకో. అదేందో మాత్రం ఎవరికీ చెప్పబాక," అని చెప్పింది. నరామ్తు లోపల పెట్టుకున్నది ఒక గొర్రెపిల్ల. చిన్నప్పుడు ఒళ్ళో పడుకోబెట్టుకుని పెంచింది. చెవులు పొట్టి. ఒక పండగ నాడు ఎప్పట్లాగే గంతులేస్తూ పెరట్లోకి వెళ్ళి కూరై తిరిగొచ్చింది. ఊరిపెద్ద తండ్రి పోయినా, పక్కింటి బాలింత పోయినా, సాక్షాత్తూ దుముజి దేవుడే పోయినా, నరామ్తు ఏడ్చింది ఆ చెవిపొట్టిదాని కోసమే. ఆ రహస్యం తెలిసిన మనిషి ఒక్క పుజూరే. పెళ్ళయిన కొత్తలో నోరు జారి చెప్పేసింది. అతను పొట్ట పట్టుకుని నవ్వాడు.

అప్పటికి రెండేళ్ళ కిందట నది అవతలికి మందను తోలుకెళ్ళిన కాపరుల మీద కొండ మనుషులు పడ్డారు. తప్పించుకొచ్చినవాళ్ళు పుజూరు కర్ర ఒకటి తెచ్చి నరామ్తు చేతిలో పెట్టి, అతని మీదికి గొడ్డలి ఎత్తడం చూశామన్నారు. ఊరంతా గుమిగూడింది. అందరూ ఆమె నోటి వైపే చూశారు. ఆమె నోరు తెరవలేదు. మొగుడి కోసం గొర్రెపిల్లను తలుచుకుని ఏడవడం ఆమెకు నీచంగా తోచింది. మొగుణ్ణే తలుచుకుంటే ఏడుపు బదులు కోపం వచ్చింది, పరాయి గడ్డ మీదికి పోవద్దని మొత్తుకున్నా వినలేదని. కర్ర పట్టుకుని కొయ్యబొమ్మలా నిలబడిపోయింది.

"ఊరందరి పీనుగల మీదా బొటబొటా కారుస్తాది గదా, సొంత మొగుడికి ఒక్క చుక్క లేదా?" అంది పక్కింటి దామిక్తు. చెడ్డ మనిషేం కాదు, నోరు ఊరుకోదు.

"చుక్కకింత అని గింజలు కొలిస్తేనే ఏడుస్తాదేమో," అని ఇంకెవరో అన్నారు.

నరామ్తు ఆ మాటలు దులిపేసుకున్నట్టే కనిపించింది. అయితే, ఏడ్వని మొగుణ్ణి ఇనన్న ఏం చేసిందో ఆమెకు మా అందరికంటే బాగా తెలుసు. అప్పటి నుంచీ ఆ భయం ఆమె వెన్నులో దిగబడిపోయింది.

అత్త ఉమ్మితాబ మాత్రం కొడుకు చచ్చాడంటే ఒప్పుకోలేదు. "గొడ్డలి ఎత్తడం చూశారు గానీ, దించడం చూశారా?" అని వచ్చినవాళ్ళను నిలదీసింది. రోజూ బార్లీ రొట్టెల్లో ఒకటి పక్కన పెట్టి, దాని మీద గిన్నె బోర్లించేది. పొద్దున్నే దాన్ని కోడలు తింటానన్నా ఊరుకునేది కాదు, తనే నానబెట్టుకుని తినేది. అలా ఏడాదిన్నర బోర్లించి, అతను రావడానికి ముందు చలికాలంలో ఒక తెల్లవారుజామున ఆ గిన్నె పక్కనే పడుకున్నది పడుకున్నట్టే పోయింది. మా పద్ధతి ప్రకారం ఇంట్లోనే నేల కింద పూడ్చి, నీళ్ళు దిగడానికి మట్టి గొట్టం నిలబెట్టారు. ఆ రోజు నరామ్తు ఏడ్చింది. గొర్రెపిల్ల అవసరం పడలేదు.

ఇక ఆ రోజు సంగతి. దుముజి కొయ్య విగ్రహాన్ని కడిగి, నూనె రాసి, ఊరి బయట దొడ్డిలో పాడె మీద పడుకోబెడతాం. అది చూపు రోజు, దేవుణ్ణి ఆఖరిసారి చూసుకునే రోజు. ఆ రోజు దేవుడితో పాటు, చచ్చినవాళ్ళందరూ సాంబ్రాణి వాసన పీల్చుకోవడానికి పైకొస్తారు. ఇంట్లో పూడ్చినవాళ్ళు గొట్టం దగ్గరికి వస్తారు. శవం దొరకనివాళ్ళు పాపం గడప బయటే నిలబడతారు. వాళ్ళ ముందు రొట్టె నేల మీద పెట్టాలి, నీళ్ళు నేల మీద పొయ్యాలి. చేతికి ఇవ్వకూడదు. పేరు పెట్టి పిలవకూడదు. గడప దాటనివ్వకూడదు. ఇందులో ఏది తప్పినా వచ్చినవాడు తిరిగి వెళ్ళడు, వెళ్ళినా ఒకరిని వెంటబెట్టుకుని వెళ్తాడు. పొద్దు వాలగానే దేవుణ్ణి బీడులోకి సాగనంపి తలుపులు వేసుకుంటే, మళ్ళీ సూర్యుడు వచ్చేదాకా తీసేది లేదు. మాలో ఎవరమూ అప్పటిదాకా గడప బయట ఎవరినీ కళ్ళతో చూసినవాళ్ళం కాదు. గాలికి పెట్టి, గాలికి పోసి, లోపలికి వచ్చేవాళ్ళం.

నరామ్తు జుట్టు విరబోసుకుని, గొంతు బొంగురుపోయేలా ఏడ్చి, దొడ్డి నుంచి అప్పుడే ఇంటికి వచ్చింది. రొట్టె, నీళ్ళ ముంత తీసుకుని తలుపు తీసింది. ఎదురుగా మొగుడున్నాడు.

మనిషంతా దుమ్ము. పెదాల చుట్టూ ఎండిన బురద. కంబళి నిండా నల్లటి తారు, ఆ తారుకు అంటుకుని ఈకలు. చచ్చినవాళ్ళు దుమ్ము తింటారని, బురద తాగుతారని, పక్షుల్లా ఈకలు కట్టుకుంటారని మా పిల్లలకు కూడా తెలుసు. అతన్ని కొండ మనుషులు తారు గుంటల్లో బానిసగా పనికి పెట్టారనీ, పారిపోయి వస్తూ వేటగాళ్ళు బాతుల ఈకలు పీకి పారేసిన రెల్లు పొదల్లో నిద్రపోయాడనీ, కాలువ ఎండిపోయి బురదే తాగాడనీ ఎవరికి తెలుసు?

నరామ్తు రొట్టెనూ ముంతనూ గుండెకు అదుముకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

"నరామ్తూ," అన్నాడు. గొంతు కాదది, ఎండుటాకు రాసుకున్నట్టుంది. "నీళ్ళు."

పక్కిళ్ళ ఆడవాళ్ళు చూశారు. దామిక్తు చేతిలోని ముంత భళ్ళున పగిలింది. "ఓరి దేవుడో, వచ్చుండాడే! మీ ఆయన వచ్చుండాడే! పలకబాక! పేరెత్తబాక!"

నరామ్తు పేరు ఎత్తలేదు. రొట్టె కింద పెట్టింది. అతను దోసిలి పట్టాడు. ఆ దోసిలి ఆమెకు ఈ జన్మలో మరుపు రాదు. రెండు చేతులూ పగిలిపోయి, నీళ్ళు కారిపోకుండా గట్టిగా అతికించి పట్టిన దోసిలి. ఆమె ముంతను ఆ దోసిలి మీది నుంచి పక్కకు జరిపి, నేల మీద పోసింది.

"చేతుల్లో పొయ్యవే! ఏందే ఇది, చేతుల్లో!" అన్నాడు. దోసిలిని నీటి ధార కిందికి తెచ్చాడు. ఆమె ముంతను ఇంకో పక్కకు జరిపింది. చివరి చుక్కదాకా నేల తాగేసింది.

అతను మోకాళ్ళ మీద పడి, తడిసిన మట్టికి నాలుక ఆనించాడు.

"చూడండే, బురదే నాకతుండాడు!" అని దామిక్తు గుండెలు బాదుకుంది. రొట్టె తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఎండిపోయిన గొంతులో ముద్ద దిగక ఉమ్మేశాడు. అదీ వాళ్ళకు రుజువే అయింది, చచ్చినవాళ్ళు వాసన చూసి వదిలేస్తారు కదా.

"నేనే! పుజూరుని! మతిపోయిందా మీకందరికీ?" అని అతను ఇంటి లోపలికి తొంగి చూశాడు. "అమ్మ ఏదే? నువ్వు పొయ్యకపోతే పొయ్యబాక, అమ్మనన్నా పిలువు. అమ్మా! అమ్మోవ్!"

నేల కింద ఉన్నదాన్ని పిలుస్తున్నాడనుకుంది నరామ్తు. కళ్ళు గట్టిగా మూసుకుని, చెప్పాల్సిన మూడు మాటలూ చెప్పింది. "తిను. తాగు. దుముజితో పాటు వెళ్ళు." తలుపు వేసి గడియ పెట్టింది. అతను కాసేపు బాదాడు. తర్వాత ఆడవాళ్ళు తప్పెట్లు కొట్టుకుంటూ, మట్టిగడ్డలు విసురుతూ అతన్ని బీడు వైపు సాగనంపారు. ఎవరిదీ పగ కాదు. ఊళ్ళో పిల్లలున్నారు, ఎవరినైనా వెంట తీసుకుపోతాడేమోనని భయం.

ఆ మధ్యాహ్నమంతా నరామ్తు తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. తాను ఏడవనందుకే వచ్చాడని అనుకుంది. పొద్దు వాలింది. బయట తప్పెట్ల మోత దేవుణ్ణి ఊరు దాటిస్తోంది. తిరిగి వెళ్ళేవాళ్ళకు ఆఖరి నీళ్ళు పొయ్యాల్సిన వేళ. ఆమె గిన్నె తీసుకుని గొట్టం దగ్గర కూర్చుంది.

"అత్తా," అంది. "నీ కొడుకు వచ్చాడు, చూశావు గదా. నన్ను తిట్టుకోబాక. ఇద్దరూ కలిసి జాగ్రత్తగా ఎళ్ళండి."

అలా అంటుంటేనే ఆ మాట నోట్లో అడ్డం పడింది. కలిసి ఎందుకు రాలేదు? అతను అక్కడికి పోయి రెండేళ్ళు. ఆమె చలికాలంలో పోయింది. ఒకే ఊళ్ళో ఉండి, ఒకే బురద తాగుతూ, ఆ ముసలిది కొడుకును వెతుక్కోకుండా ఉంటుందా? పై లోకంలోనే రోజూ రొట్టె దాచిన మనిషి. కింది లోకంలో గడపగడపకూ తిరిగి, వాకిట్లో నిలబడి, పుజూరూ అని కేకేసి ఉండదూ?

"అమ్మ ఏదే అని నన్నడిగాడు," అని నరామ్తు పైకే అంది. "చచ్చినోడికి అమ్మ ఎక్కడుందో తెలవదా?"

గిన్నె చేతిలోంచి జారింది. తాను నీళ్ళు నేల మీద పోసింది బతికున్న మనిషి ముందు.

తోలు తిత్తి నిండా నీళ్ళు పట్టి గడియ తీసింది. ఆ చప్పుడుకే పక్కింటి కిటికీలోంచి దామిక్తు కెవ్వున అరిచింది. "ఒసే తియ్యబాకే! వాడు లాగతుండాడే నిన్ను! గడప దాటబాకే, నీకు దణ్ణం పెడతా!"

నరామ్తు గడప దాటింది. సాగనంపి వస్తున్న జనం ఆమెను చూసి దారి ఇచ్చి గోడలకు అతుక్కుపోయారు. ఒక్కరూ చెయ్యి పట్టుకుని ఆపలేదు. అప్పటికే ఆమె పోయినట్టే లెక్క.

పుజూరు దొడ్డి వెనక, ఎండిన నీళ్ళ తొట్టి పక్కన పడున్నాడు. ఆమెను చూసి దగ్గరికి రాలేదు. చేతుల మీద వెనక్కి పాక్కుంటూ గోడకు చేరాడు. ఆమె అనుకోనిది అదే. తనను చూసి తన మొగుడు భయపడుతున్నాడు.

"నిజం చెప్పు నరామ్తూ," అన్నాడు. "నేను చచ్చానా?"

ఆమె తిత్తి మూతి విప్పింది.

"దారిలో రెండు మూడు చోట్ల పడిపోయినా. మళ్ళా లేచినాననే అనుకున్నా. లేవలేదేమో. మీరందరూ ఒక్కటే మాట మీద ఉంటే, నేనొక్కణ్ణి కాదంటే ఏం లాభం?" అతను ఏడవడం లేదు, దబాయించడం లేదు. మందలో ఒక గొర్రె తగ్గిందేమోనని అడిగినట్టు మామూలుగా అడుగుతున్నాడు.

"దోసిలి పట్టు," అంది.

"నేల మీద పోస్తావు."

"పట్టు పుజూరూ."

ఆమె పేరు పెట్టి పిలిచింది. అతను దోసిలి పట్టాడు. ఆమె పోసింది, అతను తాగాడు, మళ్ళీ పట్టాడు. తాగడం అయ్యాక అమ్మ గురించి అడిగాడు. తెల్లవారనివ్వు, చెప్తానంది.

సూర్యుడు పైకొచ్చాక ఇద్దరూ ఊరి ద్వారం దగ్గరికి వచ్చారు. ఊరిపెద్ద సిన్‌గామిల్, అతని వెనక ఊరంతా, చేతుల్లో కాగడాలు. పట్టపగలు కాగడాలేమిటో నాకిప్పటికీ తెలియదు.

"అక్కడే ఆగమ్మా," అన్నాడు పెద్ద. "నువ్వు లోపలికి రా. అతన్ని రానియ్యబాక."

"బతికే ఉండాడు మామా. నీళ్ళు తాగినాడు."

"నువ్వు చేతికిచ్చావు, తాగినాడు. అందుకే తిరిగిపోలేదు. పొద్దు పొడిచినా పోనోళ్ళు ఉంటారని మా తాత చెప్పేవాడు."

"కొంచెం కోసి చూద్దామా, నెత్తురొస్తాదో రాదో?" అన్నాడు మాంసం కొట్టేవాడు. అతను వేళాకోళానికి అనలేదు.

పెద్ద చెయ్యెత్తి ఆపాడు. చెడ్డవాడు కాదు, న్యాయంగానే ఆలోచించాడు. "చచ్చినోళ్ళకి కన్నీళ్ళుండవు. అందుకే గదా వాళ్ళ బదులు మనం ఏడిచేది? ఏడవమను. ఒక్క చుక్క రాలితే నేనే చెయ్యి పట్టుకుని తీసుకుపోతా. రాకపోతే, అమ్మాయ్, ఆ బీడులోకే తోలెయ్యాల."

పుజూరు వాళ్ళ వంక వెర్రిగా చూశాడు. చిన్నప్పటి నుంచీ తెలిసిన ముఖాలే అన్నీ. మొహం అటూ ఇటూ వంకర తిప్పాడు, కళ్ళు నులుముకున్నాడు, గొంతులో ఏదో చప్పుడు చేశాడు. కళ్ళు మాత్రం కాల్చిన కుండ పెంకుల్లా పొడిగా ఉన్నాయి. "రావడం లేదు," అన్నాడు సిగ్గుపడుతూ.

జనంలో గుసగుస లేచింది. మాంసం కొట్టేవాడు ఒక అడుగు ముందుకు వేశాడు.

ఏడుపు ఎలా పుడుతుందో మా ఊళ్ళో తెలిసిన మనిషి ఒక్కతే. ఏం చెప్తే వస్తుందో ఆమెకు తెలుసు. ఇంటికి తీసుకెళ్ళి, కూర్చోబెట్టి, తల ఒళ్ళో పెట్టుకుని మెల్లగా చెప్పాల్సిన మాట అది. దాన్ని ఇలా కాగడాల ముందు, ప్రాణం దక్కించుకోవడానికి వాడుకోవాలి. నరామ్తు జీవితంలో ఎన్నో ఏడుపులు పుట్టించింది. అంత పాపపు పని ఎప్పుడూ చేయలేదని తర్వాత నాతో అంది.

అతని మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "మీ అమ్మ పోయింది."

"ఎప్పుడు?" అన్నాడు.

"మొన్న చలికాలంలో. రోజూ నీ రొట్టె పక్కన పెట్టి గిన్నె బోర్లించేది. ఆ గిన్నె పక్కనే పడుకుంది, లేవలేదు. చివరిదాకా నువ్వు వస్తావనే చెప్పింది. నేనే నమ్మలేదు. ఆమె ఉండి ఉంటే నిన్న తలుపు తీసేది. చేతుల్లో పోసేది."

"నిన్న పిలిస్తే పలకలేదు," అన్నాడు పుజూరు. "నామీద కోపమనుకున్నా." ఆ మాట సగంలోనే గొంతు పగిలింది. కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా దూకి, దుమ్ము పట్టిన చెంపల మీద రెండు చారలు గీశాయి. నేల మీద కూలబడి అమ్మా అమ్మా అని పసిపిల్లాడిలా ఏడ్చాడు.

సిన్‌గామిల్ వంగి, అతని చెంప మీద వేలు పెట్టి, ఆ వేలు నాలుకకు రాసుకున్నాడు. "ఉప్పగుంది," అన్నాడు.

కాగడాలు ఒక్కొక్కటే మట్టిలో గుచ్చి ఆర్పారు. క్షమించమని ఒక్కరూ అడగలేదు, అడగడానికి మాకు మొహం చెల్లలేదు. ముందురోజు గడ్డలు విసిరిన వాళ్ళలో నేనూ ఉన్నాను. దామిక్తు మాత్రం సాయంత్రం పెద్ద కూజాతో బార్లీ కల్లు తెచ్చి గడప మీద పెట్టి, తలెత్తకుండా వెళ్ళిపోయింది.

పుజూరు మళ్ళీ గొర్రెలు కాస్తున్నాడు. కొన్నాళ్ళు ఎవరు మంచినీళ్ళిచ్చినా ముందు వాళ్ళ మొహం చూసి గానీ అందుకునేవాడు కాదు. నరామ్తుకు ఆ రోజంతా, ఆ నెలంతా కన్నీరు రాలేదు. ఎప్పుడో చలికాలంలో, పిండి పిసుకుతూ ఉండగా ఉన్నట్టుండి వచ్చింది. పిండిలో కూడా పడింది. "ఎవురు పోయారే? చెవిపొట్టిదేనా?" అని అడిగాడు అతను. ఆమె తల అడ్డంగా ఊపి, పిండి చేతులతోనే అతని భుజం పట్టుకుని ఏడ్చింది. ఆ రొట్టెలు వాళ్ళిద్దరే తిన్నారు.

మరుసటి ఏడు దుముజి నెల వచ్చింది. దేవుణ్ణి కడిగి, నూనె రాసి, పాడె మీద పడుకోబెట్టాం. ముందు నిలబడి ఏడుపు ఎత్తుకోవాల్సిన నరామ్తు నోరు తెరవలేదు. ముంత తీసుకుని, వంగి, నేల మీద కాకుండా ఆ కొయ్య విగ్రహం అరచేతిలో నీళ్ళు పోసింది. పూజారి మొహం కందగడ్డయింది.

"ఏం చేస్తున్నావో తెలుస్తోందా నీకు? ఏడువు ముందు!" అని గద్దించాడు.

"ఉండు సామీ," అంది నరామ్తు, దేవుడి చేతి మీది నుంచి చూపు తిప్పకుండా. "తాగుతాడేమో చూడనీ. తాగకపోతే అప్పుడు ఏడుస్తా."